ఐదు నక్కలు, ఒకే గడియారం: దిశాన్వేషణ ఆటకు మైక్రోకంట్రోలర్ కీయర్ తయారుచేసే విధానం

రామతీర్థం కొండల చుట్టుపక్కల గాని, ఉద్దానం జీడిమామిడి తోటల్లో గాని ఐదు చిన్న ట్రాన్స్‌మిటర్లను దాచిపెట్టి, చేతిలో రేడియో, యాంటెన్నా పట్టుకున్నవాళ్లు దిశను బట్టి వాటిని వెతికి పట్టుకునే ఆటను హామ్‌లు, అంటే సరదాగా రేడియో నడిపే లైసెన్సుదారులు, ఫాక్స్ హంట్ అంటారు. దాచిన ట్రాన్స్‌మిటర్‌ను ‘నక్క’ అని పిలుచుకోవడం ఈ ఆటలో అలవాటు. 1980లో పోలండ్‌లో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. అంతర్జాతీయ పద్ధతిలో ఐదు నక్కలూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద పలుకుతాయి, కానీ ఒకేసారి పలకవు. ఒక్కో నక్క తన వంతు వచ్చినప్పుడు ఒక నిమిషం పలికి, మిగిలిన నాలుగు నిమిషాలు మౌనంగా ఉంటుంది. ఐదు నిమిషాలకు ఒక చుట్టు పూర్తవుతుంది, మళ్లీ మొదటి నక్క గొంతు విప్పుతుంది.

ఏ నక్క పలుకుతోందో చెవితో గుర్తుపట్టడానికి మోర్స్ కోడ్ వాడతారు. మొదటి నక్క ‘ఎమ్ ఓ ఈ’ అని, తర్వాతివి వరుసగా ‘ఎమ్ ఓ ఐ’, ‘ఎమ్ ఓ ఎస్’, ‘ఎమ్ ఓ హెచ్’, ‘ఎమ్ ఓ 5’ అని పంపుతాయి. ఈ అక్షరాల ఎంపికలో గొప్ప సౌలభ్యం ఉంది. ‘ఎమ్’ అంటే రెండు గీతలు, ‘ఓ’ అంటే మూడు గీతలు. ఆ తర్వాత వచ్చే అక్షరంలో మొదటి నక్కకు ఒక చుక్క, రెండో నక్కకు రెండు చుక్కలు, అలా ఐదో నక్కకు ఐదు చుక్కలు ఉంటాయి. మోర్స్ బొత్తిగా రాని ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా గీతలు వదిలేసి చివరి చుక్కలు లెక్కపెడితే నక్క నంబరు తెలిసిపోతుంది. వీటికి తోడు, ఆట ముగిసే చోట వేరే ఫ్రీక్వెన్సీ మీద ఆగకుండా ‘ఎమ్ ఓ’ అని మాత్రమే పంపే బీకన్ ఒకటి ఉంటుంది.

ఈ పనంతా మనిషి లేకుండా చేసే చిన్న పరికరమే కీయర్. మోర్స్ పంపడం మైక్రోకంట్రోలర్‌కు కష్టమైన పని కాదు, ఏ విద్యార్థి అయినా ఒక సాయంత్రంలో రాయగల ప్రోగ్రామ్ అది. కష్టమంతా సమయపాలనలోనే ఉంది. మూడో నక్క గడియారం కాస్త తప్పి నాలుగో నక్క నిమిషంలో పలికితే రెండు సిగ్నళ్లు కలిసిపోయి, దిశ దొరక్క, ఆ చుట్టుపక్కల ఉన్న ఆటగాళ్లందరి శ్రమ వృథా అవుతుంది. అందుకే కీయర్ సమయాన్ని లెక్కపెట్టుకుంటూ పోకూడదు, ఏ క్షణాన అడిగినా ఇప్పుడు టైమ్ ఎంతో దానికి తెలిసి ఉండాలి. ఈ రెండింటికీ ఉన్న తేడాను అర్థం చేసుకున్న తర్వాతే సోల్డరింగ్ ఐరన్ వేడి చేయండి.

మన ప్రాంతంలో ఈ విద్యకు ఆటను మించిన అవసరం కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను మనకు బాగా గుర్తున్నవే. కరెంటు పోయి, సెల్ టవర్లు ఆగిపోయి, పక్క ఊళ్లో ఉన్నవాళ్ల క్షేమం కూడా తెలియక జనం పడిన అవస్థ చూసినవాళ్లకు రేడియో విలువ వేరే చెప్పనక్కర్లేదు. సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తోందో కనిపెట్టడం, బ్యాటరీతో రోజంతా నెట్టుకురావడం, తడవని పెట్టె తయారుచేయడం వంటివి చేతికి పట్టుబడటానికి ఈ ఆటకు మించిన సాధన నాకు కనిపించలేదు.

ముందుగా లైసెన్సు

ట్రాన్స్‌మిట్ చేసే ఏ పరికరానికైనా అమెచ్యూర్ లైసెన్సు ఉన్న వ్యక్తి బాధ్యత వహించాలి. మన దేశంలో టెలికమ్యూనికేషన్ల శాఖకు చెందిన డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెట్టి, జనరల్, రిస్ట్రిక్టెడ్ అనే రెండు శ్రేణుల్లో లైసెన్సు ఇస్తుంది. పన్నెండేళ్లు నిండినవాళ్లు పరీక్ష రాయవచ్చు. తరంగం పొడవును బట్టి రెండు మీటర్ల బ్యాండ్ అని పిలిచే భాగంలో మనకు అనుమతి ఉన్నది 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకే. అందులో 145.8 నుంచి పైభాగం ఉపగ్రహాల కోసం వాడతారు కాబట్టి ఆట కోసం ఆ భాగాన్ని ముట్టుకోకూడదు. దగ్గర్లో రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్లీ దూరానికి పంపే స్టేషన్) ఉంటే దాని ఫ్రీక్వెన్సీలకు కూడా దూరంగా ఉండాలి. ఎంచుకున్న ఫ్రీక్వెన్సీని ముందురోజు ఒక గంటసేపు వినడం మంచిది. ప్రతి నక్క తన నిమిషం చివర లైసెన్సుదారు కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు అక్షరాలు) పంపేలా ప్రోగ్రామ్ రాయడం తప్పనిసరి అని భావించండి.

కావలసిన సామాను

ఒక్కో పెట్టెకు ఒక ఆర్డునో నానో బోర్డు, ఒక డీఎస్3231 గడియారం మాడ్యూల్, ఒక పీసీ817 ఆప్టోకప్లర్ (తీగ కలపకుండా వెలుగుతో పనిచేసే స్విచ్), మూడు మీటల డిప్ స్విచ్ (బుల్లి స్విచ్‌ల వరుస), ఒక పుష్ బటన్, ఒక ఎల్‌ఈడీ, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఒక కిలో ఓమ్ ప్రీసెట్ (తిప్పి విలువ సర్దుకునే రెసిస్టర్), ఆరు ఏఏ సెల్స్ పట్టే హోల్డరు, డాట్ పీసీబీ ముక్క కావాలి. వీటితో పాటు తక్కువ పవర్‌లో పనిచేయగల రెండు మీటర్ల హ్యాండ్‌సెట్, దానికి సరిపోయే స్పీకర్ మైక్ ఒకటి పాతది దొరికితే చాలు. ఐదు పెట్టెలకూ ఒకే రకం సామాను కొనండి. ఒకదానికి బాగుచేసిన తీరు మిగతా నాలుగింటికీ పనికొస్తుంది, ఆట రోజు ఒకటి పాడైతే ఇంకొకదాని భాగం తెచ్చి వేసుకోవచ్చు.

గడియారం మాడ్యూల్ అవసరమా, నానోలోనే క్లాక్ ఉంది కదా అని చాలామంది అడుగుతారు. ఆ లెక్క ఒకసారి వేసి చూద్దాం. మైక్రోకంట్రోలర్ లోపల ఉండే ఆర్‌సీ ఆసిలేటర్ నూటికి 10 వంతుల వరకు తప్పవచ్చు. మూడు గంటల ఆటలో అది 18 నిమిషాల తేడా. చాలా బోర్డుల మీద ఉండే సెరామిక్ రెసొనేటర్ నూటికి అర వంతు తప్పినా మూడు గంటలకు 54 సెకన్లు, అంటే దాదాపు ఒక నక్క వంతు మొత్తం. మంచి క్రిస్టల్ పది లక్షలకు 20 వంతులు తప్పితే అదే మూడు గంటల్లో సెకనులో ఐదో వంతు మాత్రమే తేడా వస్తుంది, అది చాలు కూడా. కానీ క్రిస్టల్ ఉన్నా మధ్యలో బోర్డు ఒకసారి రీసెట్ అయితే లెక్క మొదటికొస్తుంది. డీఎస్3231 అలా కాదు. అది ఉష్ణోగ్రతను కొలిచి తన వేగాన్ని తానే సరిదిద్దుకుంటుంది, 0 నుంచి 40 డిగ్రీల మధ్య పది లక్షలకు 2 వంతులకు మించి తప్పదు. రోజంతా నడిచినా సెకనులో ఐదో వంతు కూడా తేడా రాదు. సొంత బటన్ సెల్ ఉంటుంది కాబట్టి నానో ఆగిపోయినా, సెల్స్ మార్చినా టైమ్ పోదు. మే నెల ఎండలో మూసిన పెట్టె లోపలి వేడికి కూడా ఇది తట్టుకుంటుంది, 40 డిగ్రీలు దాటితే పది లక్షలకు మూడున్నర వంతుల వరకు తప్పవచ్చు, అంతే.

ఈ మాడ్యూల్‌లో ఒక ప్రమాదం ఉంది, దాన్ని మొదటే సరిచేయాలి. బజారులో ఎక్కువగా దొరికే నీలిరంగు మాడ్యూల్‌ను రీచార్జి అయ్యే బటన్ సెల్ కోసం తయారుచేశారు, అందులో 5 వోల్టుల నుంచి సెల్‌కు చార్జింగ్ పంపే దారి ఉంటుంది. మనం మామూలు సీఆర్2032 సెల్ వేస్తే, రీచార్జి చేయకూడని ఆ సెల్‌లోకి కరెంటు ఎక్కి అది ఉబ్బుతుంది, కారుతుంది, ఒక్కోసారి పగలవచ్చు కూడా. బోర్డు మీద చిన్న గాజు డయోడ్ పక్కన ‘201’ అని రాసి ఉన్న బుల్లి రెసిస్టర్‌ను సోల్డరింగ్ ఐరన్‌తో తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. రెండు చివరలకూ కాస్త ఎక్కువ సోల్డర్ వేసి, రెండూ ఒకేసారి కరిగేలా ఐరన్ మొనను అడ్డంగా ఆనించి పక్కకు తోస్తే అది ఊడి వస్తుంది. తీసిన తర్వాత మాడ్యూల్‌కు 5 వోల్టులు ఇచ్చి, సెల్ లేకుండా సెల్ హోల్డరు కాళ్ల మధ్య మల్టీమీటర్ పెట్టి, అక్కడికి చార్జింగ్ వోల్టేజి రావడం లేదని చూసుకున్నాకే సెల్ వేయండి.

తీగలు కలపడం

గడియారం మాడ్యూల్ డేటా తీగ నానో ఏ4 కాలికి, క్లాక్ తీగ ఏ5 కాలికి వెళ్తాయి. డిప్ స్విచ్ మూడు కాళ్లు డి2, డి3, డి4కు కలిపి, రెండో వైపు మూడింటినీ గ్రౌండుకు వేయాలి. పైకి లాగే రెసిస్టర్లను చిప్ లోపలివే వాడుకుంటాం. గడియారాన్ని సరిచేసే సింక్ బటన్‌ను డి5కు, గ్రౌండుకు మధ్య కలపండి. డి8 నుంచి 470 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఆప్టోకప్లర్ లోపలి ఎల్‌ఈడీకి కరెంటు వెళ్తుంది, అది సుమారు 8 మిల్లీఆంపియర్లు. డి9 నుంచి టోన్ వస్తుంది. సూచిక ఎల్‌ఈడీకి బోర్డు మీదున్న డి13 లైటు సరిపోతుంది గానీ, పెట్టె మూత మూసినా కనిపించేలా ఇంకొకటి బయటికి పెట్టుకుంటే పరీక్షలప్పుడు ఎంతో ఉపయోగం.

పీటీటీకి, అంటే రేడియోను ట్రాన్స్‌మిట్‌లోకి తెచ్చే ‘నొక్కి మాట్లాడే’ బటన్‌కు, ట్రాన్సిస్టర్ బదులు ఆప్టోకప్లర్ ఎందుకంటే, నానో రీసెట్ అవుతున్న క్షణంలో దాని కాళ్లన్నీ గాలిలో ఉన్నట్టు ఉంటాయి. ఆప్టోకప్లర్‌కు వెలుగు రావాలంటే కచ్చితంగా కరెంటు పారాలి కాబట్టి, ఆ సందిగ్ధ సమయంలో రేడియో పొరపాటున ట్రాన్స్‌మిట్ కాదు. రేడియో, కీయర్ వేర్వేరు బ్యాటరీల మీద నడుస్తాయి గనుక టోన్ తీగ దగ్గర గ్రౌండ్ కలిసినా ఇబ్బంది రాదు.

హ్యాండ్‌సెట్ ప్లగ్‌లో ఏ తీగ దేనిదో పుస్తకంలో బొమ్మ చూసి నమ్మవద్దు. రేడియోకూ రేడియోకూ అది మారుతుంది. పాత స్పీకర్ మైక్ మరలు తీసి, మల్టీమీటర్‌ను బజర్ మీద పెట్టి, బటన్ నొక్కినప్పుడు ఏ రెండు తీగలు కలుస్తున్నాయో కనుక్కోండి. అవే పీటీటీ తీగలు. మైక్ గుళికకు వెళ్లే తీగ టోన్‌కు పనికొస్తుంది. తర్వాత ఆ తీగలను కత్తిరించి రేడియోలో ప్లగ్ పెట్టి, పీటీటీ రెండు తీగల మధ్య వోల్టేజి కొలవండి. ఏది పాజిటివ్‌గా కనిపిస్తే అది ఆప్టోకప్లర్ ట్రాన్సిస్టర్ కలెక్టర్ కాలికి, రెండోది ఎమిటర్ కాలికి వెళ్లాలి. తిరగేసి కలిపితే ఏమీ జరగదు, అలా జరగనప్పుడు చాలామంది ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతూ గంటలు పోగొట్టుకుంటారు. కొన్ని రేడియోల్లో మైక్‌కూ పీటీటీకీ ఒకే తీగ ఉంటుంది, స్పీకర్ మైక్ లోపల బటన్‌తో వరుసగా ఒక రెసిస్టర్ కనిపిస్తుంది. అలాంటప్పుడు అదే విలువ రెసిస్టర్‌ను మనమూ ఆప్టోకప్లర్‌తో వరుసలో వేయాలి.

టోన్ మట్టం

డి9 నుంచి వచ్చేది 5 వోల్టుల చతురస్ర తరంగం. మైక్ కోరేది కొన్ని మిల్లీవోల్టులే. ఇంత తేడాను తగ్గించకుండా పంపితే డీవియేషన్ (ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే మేర) పెరిగి, పక్క చానళ్లలో కూడా చప్పుడు వినిపించే చెడ్డ సిగ్నల్ తయారవుతుంది. అందుకని డి9 నుంచి 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేసి, దాని రెండో చివరను 1 కిలో ఓమ్ ప్రీసెట్ పైకాలికి కలిపి, ప్రీసెట్ కిందికాలిని గ్రౌండు చేయాలి. ప్రీసెట్ పైకాలికీ గ్రౌండుకూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే 1.6 కిలోహెర్ట్జ్ దగ్గర నుంచి పైభాగం తగ్గడం మొదలై, చతురస్రపు గరుకుదనం చాలావరకు పోతుంది. ప్రీసెట్ మధ్యకాలి నుంచి 1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ ద్వారా మైక్ తీగకు పంపాలి. మైక్ తీగ మీద రేడియో పెట్టే డీసీ వోల్టేజి ఉంటుంది కాబట్టి ఈ కెపాసిటర్‌ను మానకూడదు.

టోన్‌ను 700, 800 హెర్ట్జ్ మధ్య పెట్టుకోండి. ప్రీసెట్‌ను పూర్తిగా తగ్గించి, పక్క గదిలో ఇంకో రేడియో పెట్టి వింటూ, మెల్లగా పెంచుతూ పోతే ఒక దశలో శబ్దం పెరగడం ఆగి గొంతు బొంగురుపోతుంది. అక్కడి నుంచి వెనక్కి, స్పష్టంగా మామూలు మాటంత వినిపించే చోట ఆపాలి. చేతిలో ఆసిలోస్కోప్ లేకపోయినా ఈ పద్ధతి సరిపోతుంది.

ప్రోగ్రామ్ నడవాల్సిన తీరు

మోర్స్‌లో కాలానికి కొలత చుక్క. గీత మూడు చుక్కలంత, ఒక అక్షరం లోపలి ఖాళీ ఒక చుక్కంత, అక్షరాల మధ్య మూడు, పదాల మధ్య ఏడు. చుక్క పొడవు మిల్లీసెకన్లలో కావాలంటే 1200ను నిమిషానికి పంపే పదాల సంఖ్యతో భాగిస్తే వస్తుంది. నిమిషానికి 10 పదాల వేగమైతే చుక్క 120 మిల్లీసెకన్లు. ‘ఎమ్’కు 7 చుక్కల కాలం, ‘ఓ’కు 11, ‘ఈ’కి 1, మధ్య ఖాళీలు రెండింటికి 6, చివరి ఖాళీకి 7 కలిపితే మొదటి నక్క పిలుపు 32 చుక్కలు, అంటే 3.84 సెకన్లు. ఒక్కో నక్కకు రెండేసి చుక్కల కాలం పెరుగుతూ ఐదో నక్కకు 40 చుక్కలు, 4.8 సెకన్లు పడుతుంది. కాల్‌సైన్‌ను నిమిషానికి 20 పదాల వేగంతో పంపితే ఐదారు సెకన్లలో అయిపోతుంది.

ఇక నిమిషాన్ని పంచుకుందాం. తన నిమిషం మొదలైన అర సెకనుకు కీయర్ పీటీటీ నొక్కుతుంది. రేడియో పూర్తిగా ట్రాన్స్‌మిట్‌లోకి రావడానికి కాస్త సమయం కావాలి కాబట్టి, పిలుపు ఒకటో సెకను దగ్గర మొదలవ్వాలి. ప్రతి పిలుపు మొదలుపెట్టే ముందు గడియారాన్ని చూసి, ఇది 51వ సెకనులోపు పూర్తవుతుందా అని ప్రోగ్రామ్ తనను తాను అడగాలి. పూర్తవుతుందంటే పంపాలి, లేదంటే కాల్‌సైన్‌కు వెళ్లాలి. ఈ లెక్కన మొదటి నక్క 13 సార్లు, ఐదోది 10 సార్లు పిలుస్తాయి. 58వ సెకనుకల్లా పీటీటీ వదిలేయాలి. మిగిలిన రెండు సెకన్ల మౌనం ఒక నక్కకూ ఇంకో నక్కకూ మధ్య గట్టు లాంటిది, రెండు గడియారాల మధ్య చిన్న తేడా వచ్చినా అది కాపాడుతుంది.

నిమిషమంతా పీటీటీ నొక్కే ఉంచి, టోన్‌ను మాత్రమే గీతలు చుక్కలుగా ఆపుతూ పంపాలి. చుక్క చుక్కకూ పీటీటీ నొక్కితే హ్యాండ్‌సెట్ అంత వేగంగా మారలేదు. పైగా టోన్ లేని ఖాళీల్లో కూడా క్యారియర్ (టోన్‌ను మోసుకెళ్లే రేడియో తరంగం) ఉంటే ఆటగాడికి యాంటెన్నా తిప్పి దిశ చూసుకోవడం తేలిక.

వంతు ఎవరిదో తేల్చే సూత్రం చాలా చిన్నది. గడియారంలో నిమిషాన్ని ఐదుతో భాగించగా మిగిలే శేషం చూడాలి. శేషం 0 అయితే మొదటి నక్క, 1 అయితే రెండోది, 4 అయితే ఐదోది. గంటకు 60 నిమిషాలు, 60ని ఐదు నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి గంట మారినా వరుస చెదరదు. డిప్ స్విచ్ మీద పెట్టిన 1 నుంచి 5 వరకు సంఖ్యను ఈ శేషంతో పోల్చుకుంటే చాలు. స్విచ్ 0 మీద ఉంటే చివరి బీకన్, 6 మీద ఉంటే పీటీటీ నొక్కకుండా ఎల్‌ఈడీ మాత్రమే వెలిగే పరీక్ష అని పెట్టుకోవచ్చు. ఐదు పెట్టెల్లోనూ ఒకే ప్రోగ్రామ్ ఉండాలి. నక్క నంబరును ప్రోగ్రామ్‌లో రాసి ఐదు రకాలుగా ఎక్కించడం వల్ల ఆట రోజు ఉదయం రెండు పెట్టెలు ‘మూడో నక్క’లై కూర్చునే అవకాశం ఉంది. ఆట మొదలయ్యే గంట, ముగిసే గంట కూడా రాసి ఉంచితే, తెల్లవారుజామునే పెట్టెలు దాచి వచ్చినా ఆట మొదలయ్యే దాకా అవి నోరు విప్పవు.

ఇక వాచ్‌డాగ్, అంటే ప్రోగ్రామ్ బిగుసుకుపోతే చిప్‌ను రీసెట్ చేసే కాపలా టైమర్. పక్కనే రేడియో ట్రాన్స్‌మిట్ చేస్తున్నప్పుడు ఆ శక్తి తీగల్లోకి ఎక్కి చిప్ బిగుసుకుపోవడం నిజంగానే జరుగుతుంది, పీటీటీ నొక్కి ఉన్నప్పుడు బిగుసుకుంటే ఫ్రీక్వెన్సీ మొత్తం ఆ నక్క చేతిలో చిక్కుకుంటుంది. చిప్‌లోనే ఉన్న వాచ్‌డాగ్‌ను 8 సెకన్లకు పెట్టి, ప్రతి గీత, చుక్క తర్వాత, మౌనంగా ఉన్నప్పుడు కూడా దాన్ని తట్టిలేపుతూ ఉండాలి. తట్టడం ఆగితే అది చిప్‌ను రీసెట్ చేస్తుంది, గడియారం చెక్కుచెదరదు కాబట్టి కీయర్ లేచిన వెంటనే తన వంతు ఎప్పుడో తెలుసుకుంటుంది. అయితే కొన్ని నానో బోర్డుల్లో ఉన్న పాత బూట్‌లోడర్ (బోర్డు లేవగానే ముందుగా నడిచే చిన్న ప్రోగ్రామ్) వల్ల వాచ్‌డాగ్ రీసెట్ తర్వాత బోర్డు మళ్లీ మళ్లీ రీసెట్ అవుతూ ఉండిపోతుంది. ప్రోగ్రామ్‌లో కావాలనే ఒక చోట అంతులేని చుట్టు పెట్టి, బోర్డు లేచి వస్తుందో లేదో ముందే చూసుకోండి. లేవకపోతే కొత్త బూట్‌లోడర్ ఎక్కించాలి.

ఐదు గడియారాలను ఒకటి చేయడం

ప్రోగ్రామ్ కంపైల్ అయిన సమయాన్నే గడియారానికి ఎక్కించే పద్ధతి అందరికీ అలవాటు. కానీ ప్రోగ్రామ్ బోర్డులోకి చేరేసరికి కొన్ని సెకన్లు గడిచిపోతాయి, ఆ ఆలస్యం ఐదు పెట్టెలకూ ఒకేలా ఉండదు. అందుకే ఆ పద్ధతిని తేదీ, గంట, నిమిషం వేయడానికి మాత్రమే వాడి, సెకన్లను సింక్ బటన్‌తో సరిచేయాలి. బటన్ నొక్కగానే ప్రోగ్రామ్ సెకన్లను సున్నా చేయాలి. అప్పటికి 30 సెకన్లు దాటి ఉంటే నిమిషాన్ని ఒకటి పెంచాలి. డీఎస్3231లో సెకన్ల రిజిస్టర్‌లో రాసిన క్షణం నుంచే కొత్త సెకను మొదలవుతుంది కాబట్టి, సెకను కంటే చిన్న తేడాలు కూడా సర్దుకుంటాయి. ఐదు పెట్టెల సింక్ తీగలనూ, గ్రౌండులనూ ఒకచోట కలిపి ఒకే బటన్ నొక్కితే ఐదూ ఒకే క్షణంలో సున్నా అవుతాయి. ఫోన్‌లో సెకన్లు కనిపించే గడియారం పెట్టుకుని, నిమిషం మారే క్షణంలో నొక్కండి. మీ వేలు అర సెకను ఆలస్యమైనా ఐదూ కలిసే ఆలస్యమవుతాయి, ఆటకు కావలసింది అదే.

పరీక్షలు

యాంటెన్నా బదులు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (సిగ్నల్‌ను బయటికి పోనివ్వకుండా వేడిగా మార్చే రెసిస్టర్) తగిలించి మొదటి పరీక్ష చేయండి. ఆ తర్వాత ఐదు పెట్టెలనూ స్విచ్‌లు మార్చకుండా, రేడియోలు తగిలించకుండా వరుసగా పెట్టి రాత్రంతా వదిలేయండి. మా వీధి అరుగు మీద మొదటిసారి అలా పెట్టినప్పుడు, కరెంటు పోయిన చీకట్లో ఒక ఎల్‌ఈడీ రెండు పొడుగు మెరుపులు, మూడు పొడుగు మెరుపులు, ఒక చిటుకు చూపించి, నిమిషం కాగానే ఆరిపోయి, రెండు సెకన్ల చీకటి తర్వాత పక్కది వెలగడం చూస్తూ చాలాసేపు కూర్చున్నాం. తెల్లవారి అదే వరుస, అదే రెండు సెకన్ల చీకటి కనిపిస్తే గడియారాలు కుదిరినట్టే.

రేడియోలో ఎక్కువసేపు పలికితే దానంతటదే ఆపేసే టైమౌట్ టైమర్ అనే అమరిక ఉంటుంది. అది 60 సెకన్ల మీద ఉంటే మన నిమిషానికి మరీ దగ్గరగా ఉన్నట్టు, 90కో 120కో పెంచండి కానీ పూర్తిగా తీసేయవద్దు. వాచ్‌డాగ్ కూడా విఫలమైన రోజున ట్రాన్స్‌మిషన్‌ను ఆపే చివరి కాపలా అదే. శబ్దం వినగానే ట్రాన్స్‌మిట్ అయ్యే వాక్స్, చానల్‌లో ఇంకొకరు ఉంటే ట్రాన్స్‌మిట్ కానివ్వని బిజీ చానల్ లాక్, పీటీటీ వదలగానే వచ్చే బీప్ ఇవన్నీ ఆపేయాలి. పవర్‌ను అతి తక్కువకు తగ్గించాలి. తక్కువ పవర్‌లో 0.7 ఆంపియర్ తీసుకునే రేడియో ఐదు నిమిషాలకు ఒక నిమిషమే పలుకుతుంది గనుక సగటున 0.14 ఆంపియరే ట్రాన్స్‌మిషన్‌కు ఖర్చవుతుంది, మంచి బ్యాటరీతో ఒక పూట ఆట నిశ్చింతగా సాగుతుంది.

కీయర్‌కు కరెంటు విషయంలో మేము దెబ్బతిన్న సంగతి చెప్పాలి. మొదట్లో చేతికి అందుబాటులో ఉందని ఒక పవర్ బ్యాంకుతో నడిపాం. ఇంట్లో అరగంట పరీక్షలో రేడియో చార్జింగ్ కూడా దానికే తగిలించి ఉండటంతో అంతా బాగానే కనిపించింది. తోటలో పెట్టాక రెండో నక్క ఒక్క చుట్టు కూడా పూర్తి చేయకుండా మూగబోయింది. పిల్లలు గంటన్నరసేపు ఎండలో దానికోసమే తిరిగారు. కీయర్ తీసుకునేది పాతిక మిల్లీఆంపియర్లే. అంత తక్కువ కరెంటు చూసి, ఏమీ తగిలించలేదనుకుని పవర్ బ్యాంకు తనంతట తానే ఆగిపోయింది. అప్పటి నుంచి రీచార్జి చేయగల ఆరు ఏఏ సెల్స్‌ను వరుసగా కలిపి నానోకు కరెంటు అందించే ‘విన్’ (VIN) కాలికి ఇస్తున్నాం. 7.2 వోల్టుల ఆ కట్ట 2000 మిల్లీఆంపియర్ గంటల సెల్స్‌తో లెక్క ప్రకారం 80 గంటలు నడుపుతుంది.

రేడియో శక్తి కీయర్‌లోకి చొరబడకుండా పీటీటీ, మైక్ తీగల చివర 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్లు గ్రౌండుకు వేసి, రేడియోకు వెళ్లే తీగను ఫెర్రైట్ రింగు చుట్టూ నాలుగైదు చుట్లు తిప్పాలి. పాత స్టీలు టిఫిన్ డబ్బాలో కీయర్‌ను ఉంచితే ఇంకా మేలు. యాంటెన్నాను పెట్టెకు కనీసం మీటరు దూరంలో, తలకు మించిన ఎత్తులో కట్టండి. అంతర్జాతీయ పోటీల్లో రెండు మీటర్ల నక్కలకు అడ్డంగా ఉండే యాంటెన్నాలు, ఏఎమ్ మాడ్యులేషన్ వాడతారు. మన ఎఫ్‌ఎమ్ హ్యాండ్‌సెట్‌తో ఆడే ఊరి ఆటకు నిలువు యాంటెన్నా చాలు, కానీ వెతికేవాళ్లు కూడా తమ యాంటెన్నా పుల్లలను నిలువుగానే పట్టుకోవాలని ముందే చెప్పండి.

ఎనభై మీటర్ల బ్యాండ్‌లో ఆడాలనుకుంటే కీయర్‌లో మారేది ఒక్క చివరి అంచే. అక్కడ టోన్ ఉండదు, క్యారియర్‌నే గీతలు చుక్కలుగా ఆపుతారు. పాత టీవీ సెట్లలో వాడిన 3.579545 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో ఆసిలేటర్ కట్టి, తన నిమిషమంతా దాన్ని నడుస్తూనే ఉంచి, తర్వాతి యాంప్లిఫయర్ సప్లయిని మాత్రం డి8తో ఆపుతూ పంపాలి. ఆసిలేటర్‌నే ఆపుతూ పంపితే ప్రతి గీత మొదట్లో సిగ్నల్ పిట్ట కూతలా జారుతుంది. రామతీర్థం లాంటి చోట రాతికొండలు రెండు మీటర్ల సిగ్నల్‌ను అద్దంలా తిప్పికొట్టి తప్పుడు దిశ చూపిస్తాయి. ఎనభై మీటర్లకు ఆ బెడద చాలా తక్కువ. కొత్తవాళ్లను కొండల దగ్గర ఆడించేటప్పుడు నేను ఈ బ్యాండ్‌కే మొగ్గు చూపుతాను.

తోటలో పెట్టేటప్పుడు

తోట యజమాని అనుమతి, స్థానిక పోలీసు స్టేషనుకు ముందస్తు సమాచారం, ఊరి సర్పంచికి ఒక మాట, ఈ మూడూ లేకుండా ఒక్క పెట్టె కూడా బయట పెట్టవద్దు. తీగలు, మెరిసే లైటు ఉన్న డబ్బా చెట్టు కింద ఒంటరిగా కనిపిస్తే జనం భయపడటం సహజం. ‘ఇది రేడియో ఆట పరికరం, ప్రమాదం లేదు, కదిలించవద్దు’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, నిర్వాహకుడి ఫోన్ నంబరు వేసి, డబ్బా మూత మీద అంటించండి. కనుచూపు దూరంలో లైసెన్సు ఉన్న ఒకరు కూర్చుంటే ఇంకా మంచిది. మార్చి నుంచి మే దాకా జీడిపిక్కలు ఏరే రోజులు, అప్పుడు కూలీల పనికి అడ్డం రాకూడదు. ఉద్దానం తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి కనుక అక్కడి రైతులు వద్దన్న చోటికి పిల్లలను పంపకండి, సూర్యోదయానికి ముందు, సాయంత్రం చీకటి పడ్డాక ఆట పెట్టకండి.

డబ్బాను నేల మీద నేరుగా పెట్టకుండా రెండు ఇటుకల మీద ఉంచి, తీగలు బయటికి వచ్చే రంధ్రాలు కింది వైపు ఉండేలా చూడండి, వానపడ్డా నీరు లోపలికి పోదు. సముద్రం దగ్గర సరుగుడు తోటల్లో పెట్టినట్టయితే ఆట అయ్యాక ప్లగ్‌లను పొడిగుడ్డతో తుడవాలి, ఉప్పుగాలికి అవి వారంలోనే పచ్చబడతాయి. ఇంటికి తెచ్చాక సెల్స్ తీసి, ఒక్కో పెట్టె గడియారాన్ని ఫోన్‌తో పోల్చి ఎంత తేడా వచ్చిందో మూత లోపలివైపు అంటించిన కాగితం టేపు మీద తేదీతో సహా రాసి పెట్టండి. మా మూడో పెట్టె మూత మీద అలాంటి ఏడు వరుసలున్నాయి, ఏ వరుసలోనూ తేడా ఒక సెకనుకు చేరలేదు.